రాగి రంగు మెటాలిక్ లామినేట్: టీవీ గోడకా, వంటింటికా, పూజ గదికా?

నల్లగండ్లలో తీసుకున్న కొత్త ఫ్లాట్‌లో టీవీ గోడ, వంటింటి షట్టర్లు (అలమర తలుపులు), పూజ గది తలుపు మూడూ రాగి రంగు, రోజ్ గోల్డ్ మెటాలిక్ లామినేట్‌తో చేద్దామని మీ డిజైనర్ అంటున్నారన్నారు. పదేళ్లు నిలుస్తుందా, మామూలు మైకా (సాదా లామినేట్) మీద అంత అదనంగా పెట్టొచ్చా అన్నది మీ ప్రశ్న. నేను హైదరాబాద్‌లో ఇంటీరియర్ సైట్ల పని చూస్తాను. మా నాన్న వడ్రంగి. ఈ షీట్లు కొని, కోయించి, అతికించి, తర్వాత అవే ఇళ్లకు రిపేర్లకు కూడా వెళ్లిన అనుభవంతో చెప్తున్నాను. టీవీ గోడకు చేయించుకోండి, కాకపోతే కొన్ని జాగ్రత్తలు కావాలి. వంటింటికి ఏ రకమో తేలేదాకా ఒప్పుకోవద్దు. పూజ గది తలుపుకు మాత్రం నేనైతే వెయ్యను.

దుకాణంలో మెటాలిక్ అని ఒకే పేరు పెట్టి చూపించే వాటిలో రెండు వేర్వేరు సరుకులుంటాయి. చాలామంది ఇబ్బంది పడేది ఇక్కడే. మొదటిది నిజానికి మామూలు లామినేటే. ఫినాలిక్ రెసిన్ (ఒక రకం జిగురు) పట్టించిన క్రాఫ్ట్ కాగితాలను, అంటే గోధుమరంగు మందపాటి కాగితాలను, పొరలుగా పేర్చి, వాటి మీద మెలమైన్ రెసిన్ పట్టించిన డిజైన్ కాగితం వేసి, వేడి ప్రెస్‌లో నొక్కితే షీట్ తయారవుతుంది. మా నాన్న వాళ్లు దీన్ని డెకొలం అనేవారు. మన సనత్‌నగర్‌లో బేకలైట్ హైలం కంపెనీ వాళ్లు చేసిన సరుకు అది. మెటాలిక్ రకంలో ఆ పై కాగితం మీద అభ్రకంతో చేసిన మెరుపు రంగులు వాడతారు, అంతే తేడా. లోహపు రేకు ఉండదు. కాబట్టి నీళ్లకూ గీతలకూ మామూలు లామినేట్ ఎంత తట్టుకుంటుందో ఇదీ దాదాపు అంతే తట్టుకుంటుంది. దానికి వర్తించే ఐఎస్ 2046 అనే భారత ప్రమాణమే దీనికీ అడగొచ్చు.

రెండోది అసలు లోహం. పల్చటి అల్యూమినియం రేకును క్రాఫ్ట్ కాగితాల షీట్ మీద అతికిస్తారు. రాగి, ఇత్తడి, రోజ్ గోల్డ్ అని కనిపించేవాటిలో చాలావరకు రంగు ఎక్కించిన అల్యూమినియమే ఉంటుంది, నిజం రాగి రేకు వాడినవి తక్కువ. పైన పల్చటి లాకర్ (వార్నిష్ లాంటి) పూత ఉంటుంది. చూడ్డానికి మొదటి రకం దీని ముందు నిలవదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. పక్కనుంచి వెలుతురు పడ్డప్పుడు బ్రష్డ్ (ఒకే దిశలో సన్నటి గీతలున్న) ఫినిష్‌లో కనిపించే లోతు అచ్చేసిన కాగితంలో రాదు. కానీ పైపొర మెత్తన. తాళంచెవి గీసుకుంటే రంగు పోయి కింద తెల్లటి అల్యూమినియం బయటపడుతుంది, మళ్లీ కప్పడానికి దారి లేదు. అందుకే తయారీదారులు కూడా దీన్ని నిలువు గోడలకే వాడమంటారు, కౌంటర్ల మీదా టేబుళ్ల మీదా వద్దంటారు. ధర కూడా మొదటి రకానికి అందనంత పైన ఉంటుంది.

(పీవీసీ ఫిల్మ్ అతికించిన ఎండీఎఫ్ అనే చెక్క పీచు బోర్డు షట్టర్లను కూడా కొందరు మెటాలిక్ అనే అమ్ముతారు. పొయ్యి వేడికి ఆ ఫిల్మ్ అంచుల దగ్గర లేస్తుంది. వంటింటికి వాటి ఊసే వద్దు.)

ఏ రకమో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. శాంపిల్ ముక్క అంచును వెలుతురులో పట్టి చూడండి. రేకు ఉన్నదైతే గోధుమరంగు కాగితం పొరల పైన సన్నటి వెండి గీత మెరుస్తుంది. కనిపించకపోతే ఒక మూల నాణెంతో గట్టిగా గీకండి. లోహం బయటపడిందంటే రేకు, లేదంటే అచ్చేసిన కాగితం రకం. అయస్కాంతం పెట్టి చూసి, అంటుకోలేదు కాబట్టి లోహం కాదు అనుకునేవాళ్లున్నారు. అల్యూమినియానికీ రాగికీ అయస్కాంతం అంటుకోదు, ఆ పరీక్ష ఇక్కడ పనికిరాదు.

ఇక వంటిల్లు. మియాపూర్‌లో ఒక ఇంటికి రిపేరుకు పిలిస్తే వెళ్లాను. సింకు కింది షట్టర్లు, పొయ్యి కింది డ్రాయర్లు అన్నీ రాగి రంగు రేకుతో చేశారు. అమ్మినవాళ్లు ఏ రకమో చెప్పలేదు, ఆ ఇంటావిడకు అడగాలని తెలియదు. అది బోరు నీళ్ల అపార్ట్‌మెంట్. సింకు అంచు నుంచి కారిన ప్రతి చుక్కా ఆరి తెల్లటి మచ్చ మిగిల్చింది. మచ్చలు పోవాలని పనమ్మాయి స్క్రబ్బర్‌తో తోమింది, దాంతో లాకర్ లేచిపోయింది. పూత పోయిన చోట చింతపండు పులుసు, నిమ్మరసం పడి మాసిన మరకలు కట్టాయి. ఆ ఇంట్లో ఎవరి తప్పూ లేదు. మన వంటింట్లో రోజూ జరిగే పనే జరిగింది, ఆ పనికి తట్టుకోలేని సరుకు అక్కడ పెట్టారు. కింది వరుస అంతా మార్చాల్సి వచ్చింది. మీకు వంటింట్లో ఆ రంగు తప్పదనుకుంటే కింది షట్టర్లకు మొదటి రకం, అదీ మ్యాట్‌లో తీసుకోండి. గ్లాసీ, అంటే నున్నగా మెరిసే ఫినిష్ మీద వేలిముద్రలు, సన్నటి గీతలు ఇట్టే తెలుస్తాయి. రేకు మీద మనసు చంపుకోలేకపోతే పైన లాఫ్ట్ (అటక) షట్టర్లకు వేయించండి. అక్కడికి నెలకో రెండు నెలలకో తప్ప చెయ్యి వెళ్లదు. పొయ్యికి నేరుగా పైన, చిమ్నీ పక్కన మాత్రం వద్దు.

టీవీ గోడ దగ్గర ఈ షీట్ అందం నిజంగా తెలుస్తుంది. అక్కడ డబ్బు పెట్టడం నాకు దండగ అనిపించదు. ఉప్పల్‌లో మా అక్క వాళ్ల హాల్లో ముదురు కంచు రంగు బ్రష్డ్ రేకు వేయించాను. పిల్లలున్న ఇల్లే, అయినా బాగుంది, ఎందుకంటే షీట్ నేల నుంచి మూడడుగుల పైన మొదలవుతుంది. కింద అంతా మామూలు వుడ్ ఫినిష్. మీ హాలు బాల్కనీ పడమర వైపని రాశారు కాబట్టి ఒక మాట. సాయంత్రం ఎండ నేరుగా లోపలికి వస్తుంది. మెరిసే షీట్ వేస్తే ఆ గంటన్నర టీవీ చూడలేరు. తళుకు తక్కువున్న బ్రష్డ్, ముదురు రంగు ఎంచుకోండి. డిజైనర్ ఇచ్చిన చేతి సైజు శాంపిల్ చూసి నిర్ణయించుకోవద్దు. దుకాణంలో పూర్తి షీట్ నిలబెట్టించి, వీలైతే ఒక పెద్ద ముక్క మీ హాలుకు తెచ్చుకుని సాయంత్రం ఐదింటికి చూడండి.

ఆ గోడ వెనుక వాడే బోర్డు విషయంలో రాజీ పడొద్దు. మెరిసే షీట్ కింద చిన్న ఎత్తుపల్లం ఉన్నా చెరువులో అల కనిపించినట్టు కనిపిస్తుంది. పైనుంచి ప్రొఫైల్ లైటు (సన్నటి పట్టీ లైటు) గోడను రాసుకుంటూ పడేలా పెడితే మరీను. ఫెవికాల్ ముద్ద కట్టినా, ఒక్క రంపపు పొట్టు రేణువు ఇరుక్కున్నా బొడిపెలా తేలుతుంది. కాబట్టి మందం అంతటా ఒకేలా ఉండే కాలిబ్రేటెడ్ ప్లై లేదా హెచ్‌డీహెచ్‌ఎంఆర్ బోర్డు (తేమను తట్టుకునే గట్టి బోర్డు) అడగండి. సైట్లో మేకులు కొట్టి, బరువులు పెట్టి అతికించే పద్ధతి దీనికి సరిపోదు. ప్రెస్ ఉన్న వర్క్‌షాప్‌లో చేయించి తెప్పించండి. షట్టర్ అయితే వెనుకవైపు కూడా అంతే మందం లామినేట్ పడాలి. ముందు 1 ఎంఎం వేసి, లోపల లైనర్ అనే పల్చటి షీట్‌తో సరిపెడితే వానాకాలం వచ్చేసరికి షట్టర్ వంగుతుంది. కాగితం, చెక్క తేమకు ఉబ్బుతాయి, ఎండకు ముడుచుకుంటాయి. ముందువైపు రేకు తేమను అసలు పోనివ్వదు. రెండు వైపులా లాగుడు సమానంగా లేకపోతే ఎంత మంచి హింజ్ (కీలు) పెట్టినా నిలబెట్టలేదు. మేలో 40 డిగ్రీలు దాటి, జూలైలో గోడలు చెమర్చే మన ఊళ్లో ఇది ప్రతి ఏడాదీ చూస్తాను.

దిశ సంగతి కార్పెంటర్‌కు ముందే చెప్పాలి. రేకు షీట్ల మీద, వాటి రక్షణ ఫిల్మ్ మీద లేదా వెనుక బాణం గుర్తులుంటాయి. ఒక ముక్కను తలకిందులు చేసి అతికిస్తే పక్కదానికీ దీనికీ షేడ్ వేరుగా కనబడుతుంది, అదే షీట్‌లోంచి కోసినా సరే. ముక్కలు తిప్పి సర్దే వీలుండదు కాబట్టి 8 అడుగులు, 4 అడుగుల షీట్‌లో వృథా ఎక్కువే పోతుంది. కటింగ్ ప్లాన్ కాగితం మీద గీయించి, దాని ప్రకారం షీట్లన్నీ ఒకే బ్యాచ్‌లో ఒకేసారి కొనండి. రాణిగంజ్‌లో కొన్నా మీ దగ్గరి షోరూంలో కొన్నా ఈ పద్ధతి మారదు. తర్వాత ఒక్కటి తక్కువైందని వెళ్తే అదే నంబరు దొరికినా అదే షేడ్ దొరకడం అదృష్టమే. అంచులకు అచ్చంగా కలిసే ఎడ్జ్ బ్యాండ్ (అంచుకు అతికించే పట్టీ) దొరకదు. దాని కోసం తిరగకుండా నల్లటి అల్యూమినియం ప్రొఫైల్ (సన్నటి బద్దీ) వేయించుకుంటే చక్కగా ఉంటుంది. కోసిన రేకు అంచు చేతులు కోస్తుంది కాబట్టి కూడా అది కావాలి.

టీవీ గోడ మీద స్విచ్ బోర్డులు వస్తాయి కదా, రేకు కరెంటును పారనిస్తుంది. సాకెట్ కోసం కోసే రంధ్రం బాక్సు కంటే కాస్త పెద్దదిగా ఉండాలి, వైరు ఎక్కడా రేకు అంచుకు రాసుకోకూడదు. ఈ మాట కార్పెంటర్‌కూ ఎలక్ట్రీషియన్‌కూ ఇద్దరినీ నిలబెట్టి చెప్పండి. ఎవరికి వారు అవతలివాళ్లు చూసుకుంటారనుకుంటారు.

పూజ గదికి వద్దన్నది ఇందుకే: దీపం వేడి, నూనె మసి, కర్పూరం, పసుపు కుంకుమ తడి చేతులు, అన్నీ రోజూ తగిలే చోటు అది. తుడవకుండా ఉండలేం, తుడిస్తే పూత నిలవదు. ఇత్తడి రూపమే కావాలంటే జనగామ దగ్గరి పెంబర్తిలో ఇత్తడి రేకు మీద చెక్కే కళాకారులున్నారు. టేకు తలుపుకు వాళ్ల చేత చిన్న పలకలు చేయించి బిగించుకోండి. అది మసకబారినా తోమితే మళ్లీ మెరుస్తుంది. దీపం పెట్టే గూట్లో రాయి వేయించండి.

శుభ్రం చేయడానికి మెత్తటి గుడ్డ, నాలుగు చుక్కల సబ్బు కలిపిన నీళ్లు చాలు. గీతలు ఎటున్నాయో అటే తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తడి లేకుండా తుడవాలి. స్క్రబ్బర్, గిన్నెలు తోమే పొడి, యాసిడ్, అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్ దగ్గరికి రానివ్వద్దు. పైనున్న రక్షణ ఫిల్మ్‌ను పెయింట్ పని అయ్యాక అన్ని ముక్కల మీదా ఒకేరోజు తీసేయించండి. గృహప్రవేశం దాకా అని నెలల తరబడి ఎండ తగిలేలా వదిలేస్తే జిగురు షీట్‌కు పట్టేస్తుంది.

డిజైనర్ ఇచ్చిన శాంపిల్ అంచు, వెనుకవైపు ఫొటోలు, షీట్ కోడ్ ఇక్కడ పెట్టండి. ఏ రకమో చూసి చెప్తాను. అప్పటిదాకా వంటింటి షట్టర్లకు అడ్వాన్స్ ఇవ్వకండి.