16 బెడ్లు దాటితే మెడికెయిడ్ రాదంటున్నారు, నిజమేనా?

న్యూజెర్సీ నుంచి ఒక అమ్మ అడిగారు. అబ్బాయికి 27, పుట్టింది అక్కడే, న్యూజెర్సీ మెడికెయిడ్ ఉంది, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకి ఫెడరల్, స్టేట్ గవర్నమెంట్లు కలిసి ఖర్చు పెట్టుకునే హెల్త్ ఇన్సూరెన్స్. పెయిన్ పిల్స్‌తో మొదలై ఫెంటనిల్ అనే చాలా ప్రమాదకరమైన మత్తుమందు దాకా వెళ్ళాడు, డిప్రెషన్ కూడా ఉంది. ఒక రిహాబ్ (వ్యసనం మాన్పించే సెంటర్) వాళ్ళేమో "మాది 40 బెడ్ల సెంటర్, మెడికెయిడ్ కట్టదు, క్యాష్ కట్టండి" అన్నారట. గుంటూరులో స్థలం అమ్మేయమంటారా అని అడుగుతున్నారు.

అమ్మా, ఆ స్థలం జోలికి ఇప్పుడే వెళ్ళకండి. వాళ్ళు చెప్పిన రూల్ అయితే ఉంది, 1965లో మెడికెయిడ్ పెట్టినప్పటిది, అప్పట్లో పెద్ద మెంటల్ హాస్పిటళ్ళు స్టేట్లే నడిపేవి కాబట్టి ఆ ఖర్చు తన నెత్తిన పడకూడదని ఫెడరల్ గవర్నమెంట్ పెట్టుకుంది. మానసిక జబ్బులకో అడిక్షన్‌కో ప్రత్యేకంగా నడిచే చోటై, 16 బెడ్లు దాటి ఉంటే, 21 నుంచి 64 ఏళ్ళ వాళ్ళకి ఫెడరల్ డబ్బు రాదు. గుండె జబ్బుకి లేని బెడ్ల లెక్క దీనికెందుకో నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

కానీ అడిక్షన్ విషయంలో న్యూజెర్సీ 2017లోనే ఫెడరల్ గవర్నమెంట్ దగ్గర వెయివర్, అంటే ఆ రూల్ నుంచి మినహాయింపు, తెచ్చుకుంది, కాబట్టి 40 బెడ్లున్నా ట్రీట్‌మెంట్ అవసరమని తేలితే మెడికెయిడ్ కట్టొచ్చు. 30 రోజులు దాటితే పంపించేస్తారని కూడా భయపడకండి, వెయివర్‌లో ఉన్న ఆ 30 అన్నది స్టేట్ మొత్తం మీద పేషెంట్లు ఉండే రోజులకి సగటు, మీ అబ్బాయి ఒక్కడి మీద పెట్టిన కోత కాదు. అసలు ఆ సెంటర్ మెడికెయిడ్‌లో చేరిందా లేదా అని సూటిగా అడగండి, చేరకపోతే అది వాళ్ళ ఇష్టం, చట్టం అడ్డు కాదు, చేరిన ఇంకో సెంటర్ ఎక్కడుందో స్టేట్ అడిక్షన్ హెల్ప్‌లైన్ రీచ్ ఎన్‌జే వాళ్ళు చెప్తారు. ఆ మత్తు మీద యావ తగ్గించే బ్యుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులు ఇస్తారా అని కూడా అడగండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

డిప్రెషన్ ముదిరి ఎప్పుడైనా ప్రాణం మీదకొస్తే ఆత్మహత్య ఆలోచనల్లాంటి సంక్షోభాలకి ఉన్న హెల్ప్‌లైన్ 988కి కాల్ చేయండి, లేదా దగ్గర్లో ఉన్న ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, డబ్బు సంగతి తేలేదాకా చూడం అని వాళ్ళు అనకూడదు. మామూలు జనరల్ హాస్పిటల్లో ఉండే సైకియాట్రీ వార్డుకి ఈ 16 బెడ్ల లెక్క వర్తించదు. విడిగా ఉండే సైకియాట్రిక్ హాస్పిటల్ అయితే, మేనేజ్డ్ కేర్ ప్లాన్ (స్టేట్ తరఫున మెడికెయిడ్ నడిపే ఇన్సూరెన్స్ కంపెనీ) ద్వారా నెలకి 15 రోజుల దాకా కట్టే వీలు 2016 ఫెడరల్ రూల్‌లో ఉంది, ప్లాన్ వాళ్ళని అడగండి.

మెడికెయిడ్ వాళ్ళు కాదంటే నోటి మాటతో వదిలేయకండి, కాగితం మీద ఇమ్మనండి. ఆ నిర్ణయం మీద అప్పీల్ విచారణ, అంటే ఫెయిర్ హియరింగ్, ఎన్ని రోజుల్లోగా అడగాలో దాని మీదే ఉంటుంది, ఆ తేదీ దాటితే నాలాంటి వాళ్ళం కూడా చేయగలిగింది తక్కువ.

ఇంకోటి, అబ్బాయి మేజర్ కదా, తను సంతకం పెట్టకపోతే అడిక్షన్ ట్రీట్‌మెంట్ వివరాలు తల్లికి కూడా చెప్పరు, ఫెడరల్ చట్టం అంత గట్టిగా ఉంది. తను కాస్త స్థిమితంగా ఉన్న పూట కూర్చోబెట్టి మాట్లాడి, చేరిన రోజే ఆ కన్సెంట్ ఫారంలో మీ పేరు రాయించండి.