పాప నియంతల మీద కేసులు వాదిస్తానంటోంది, లా చదివించమంటారా?

ఖమ్మం నుంచి ఒక నాన్నగారు రాశారు: "మా పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఇంజినీరింగ్ వద్దట, లా చదివి మాజీ నియంతల్ని జైలుకి పంపే కోర్టుల్లో పని చేస్తుందట. ఇది వీడియోలు చూసి వచ్చిన మోజా? అసలు అందులో ఉద్యోగాలుంటాయా?"

సార్, మోజే అయినా అడిగింది మాత్రం గాలి మాట కాదు. కాకపోతే పాప ఊహించుకునే పని ఒకటి, నిజంగా ఉండే పని ఇంకొకటి. నల్ల గౌను వేసుకుని నియంతని నిలదీయడం అందులో ఆవగింజంత, మిగతాదంతా కాగితాలే. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, ఒక కేసు చెబుతాను, పాపతో కలిసి చదవండి.

హిస్సేన్ హబ్రే 1982 నుంచి 1990 దాకా ఆఫ్రికాలోని చాద్ దేశాన్ని ఏలాడు. రాజధానిలో ఒక ఈతకొలను మీద కాంక్రీటు కప్పు వేయించి లోపల జైలు గదులు కట్టించిన ప్రభుత్వం అది. పదవి పోగానే సెనెగల్ పారిపోయి డకార్‌లో దర్జాగా బతికాడు. చాద్ జైల్లో రెండేళ్లకు పైగా మగ్గి బయటపడ్డ సులేమాన్ గెంగెంగ్ అనే మామూలు ఉద్యోగి, తోటి బాధితుల దగ్గర 792 వాంగ్మూలాలు సేకరించి ఏళ్ల తరబడి దాచాడు. 2001లో పాడుబడిన రహస్య పోలీసు ఆఫీసులో నేలంతా పరుచుకుని వేల కాగితాలు దొరికాయి, ఖైదీల జాబితాలు, మరణ పత్రాలు, విచారణ రిపోర్టులు. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి లెక్క తీస్తే 12,321 మంది బాధితులు తేలారు, అందులో 1,208 మంది కస్టడీలోనే చనిపోయినవాళ్లు. ఖైదీల గురించి రెడ్‌క్రాస్ రాసిన ఉత్తరం మీద, చనిపోతే తప్ప ఎవరూ బయటికి పోకూడదని చేత్తో రాసిన ఒక ఆదేశం ఉంది. ఆ రాత హబ్రేదేనని చేతిరాత నిపుణుడు కోర్టులో చెప్పాడు. ఇది లాయర్ పని కూడా కాదు చూడండి!

బాధితులు డకార్‌లో ఫిర్యాదు పెట్టింది 2000లో, యావజ్జీవం పడింది 2016 మే 30న. బాధితుల తరఫు లాయర్ జాక్లిన్ ముదేనా చాద్ ఆవిడే, 2001లో గ్రెనేడ్ దాడిలో గాయపడి కూడా కేసు వదల్లేదు. ఇంకో మాట, ఈ శిక్ష వేసింది నెదర్లాండ్స్‌లో ఉన్న హేగ్ అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కాదు. ఆ కోర్టు 2002 జులై 1 తర్వాత జరిగిన నేరాలనే చూస్తుంది. దీనికోసం ఆఫ్రికన్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుని సెనెగల్ కోర్టుల్లోనే ప్రత్యేక విభాగం పెట్టారు. అన్ని కేసులూ ఇలా ముగియవు, చిలీ మాజీ నియంత పినోచెట్‌ని 1998లో లండన్‌లో పట్టుకున్నా 2000లో ఆరోగ్యం బాగోలేదని ఇంటికి పంపేశారు, 2006లో ఏ శిక్షా పడకుండానే పోయాడు. ఇంత ఓపిక తనకుందా అని పాపనే అడగండి.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెబుతాను. తక్కువే. పైగా భారత్ హేగ్ క్రిమినల్ కోర్టులో సభ్య దేశం కాదు, అక్కడి ఉద్యోగాల్లో సభ్య దేశాల వాళ్లకే ప్రాధాన్యం. అందుకే డిగ్రీ అవగానే హేగ్ అని కూర్చోవద్దు. ఎంపీసీ అయినా పర్లేదు, జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ రాయనివ్వండి, వస్తే హైదరాబాద్ నల్సార్ లాంటి లా యూనివర్సిటీలో ఐదేళ్ల కోర్సు, రాకపోతే రాష్ట్ర లా ఎంట్రన్స్ లాసెట్‌తో మంచి కాలేజీ. తర్వాత కనీసం మూడు నాలుగేళ్లు ఇక్కడి సెషన్స్ కోర్టులో, హైకోర్టులో క్రిమినల్ కేసులు చేయాలి. సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేయడం, చార్జిషీటు చదివి లొసుగు పట్టుకోవడం ఏ విదేశీ యూనివర్సిటీ కన్నా మన కోర్టు బాగా నేర్పుతుంది. హేగ్‌లో ముద్దాయి తరఫున లీడ్ లాయర్‌గా నిలబడాలంటే పదేళ్ల అనుభవం అడుగుతారు.

ఎల్ఎల్ఎం, అంటే లాలో పీజీ, ఆ తర్వాతే. విదేశాల్లో లైడెన్, జెనీవా యూనివర్సిటీలు ఈ సబ్జెక్టుకి పేరున్నవే, కానీ అప్పు చేసి పంపడానికి నేను ఒప్పుకోను. బ్రిటన్‌లో చదవడానికి ఇచ్చే చెవెనింగ్ లాంటి స్కాలర్‌షిప్ కావాలంటే ఎలాగూ రెండేళ్ల ఉద్యోగ అనుభవం ఉండాలి. ఇక చాలామంది పట్టించుకోనిది ఫ్రెంచ్. హేగ్ కోర్టు పని భాషలు ఇంగ్లీషు, ఫ్రెంచ్. హైదరాబాద్ అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో చేరితే ఐదేళ్ల డిగ్రీ అయ్యేలోపు గట్టిగా వచ్చేస్తుంది, దానికయ్యే ఖర్చు ఎల్ఎల్ఎం ముందు ఏ పాటి?

పాపకి లెక్కలంటే ఇష్టమైతే దారి ఇంకోటీ ఉంది. ఆ చాద్ కాగితాలని లెక్కగట్టింది డేటా వాళ్లు. ఫోరెన్సిక్స్, డేటా, అనువాదం చదివినవాళ్లకి కూడా ఈ కేసుల్లో పని ఉంటుంది. అందుకని లా ఒక్కటే అని ఇప్పుడే గిరి గీయకండి.

మొదటి మూడేళ్లు జూనియర్ లాయర్‌కి వచ్చేది దాదాపు బస్సు ఖర్చులకే సరిపోతుంది, మీరు టెన్షన్ పడాల్సింది నిజానికి అక్కడ. ఇంజినీరింగ్ ఫీజుకని పక్కన పెట్టిన డబ్బు ఉంటే అందులో కొంత ఆ మూడేళ్లకి ఉంచండి.

క్లాట్ నోటిఫికేషన్ చూసుకోండి, ఈలోపు ఇంటర్ పరీక్షల (ఐపీఈ) మార్కులు పోగొట్టుకోవద్దని పాపకి చెప్పండి.