ఊరు మునిగి వచ్చిన ఆడవాళ్లకు కుట్టుపని ఎలా నిలబడుతుంది?

చెల్లె, రిజర్వాయర్ కింద ఊరు పోయి పునరావాస కాలనీకి వచ్చిన 25 మందికి మూడు నెలలు కుట్టు నేర్పించి, మిషన్లు ఇప్పించినా నలుగురే కుడుతున్నారని, లోపం ఎక్కడుందో చెప్పమని అడిగారు. నాకు తెలిసింది చెప్తాను.

మాది కొల్లాపూర్. అమ్మ వాళ్ల ఊరు 1981లో శ్రీశైలం నీళ్లలో పోయింది. అప్పుడు కర్నూలు, పాలమూరు జిల్లాలు కలిపి వంద దాకా ఊళ్లు మునిగాయి. పొలం తప్ప ఇంకో పని తెలియని అమ్మ, పాత తొక్కుడు మిషన్ ఒకటి కొనుక్కుని మమ్మల్ని సాకింది. అందుకే ఆరేళ్ల కింద అలాంటి కాలనీలోనే ఒక గది అద్దెకు తీసుకుని కుట్టు సెంటర్ పెట్టాను.

ఆడవాళ్లు పని రాక మానెయ్యరు, మొదటి నెలలో చేతికి డబ్బు రాక మానేస్తారు. ఊళ్లో ఉన్నప్పుడు పత్తి ఏరితే వారం తిరిగేసరికి కూలి వచ్చేది. మూడు నెలలు నేర్చుకోండి, తర్వాత చూద్దాం అంటే ఆ మూడు నెలలు పొయ్యి ఎలా వెలుగుతుంది?

కాబట్టి జాకెట్టుతో మొదలుపెట్టకండి. చంక దగ్గర అర అంగుళం తేడా వస్తే చాలు, ఆ జాకెట్టు ఎందుకూ పనికిరాదు, కుట్టినామెకు మనసు విరిగిపోతుంది. ముందు ఫాల్ కుట్టడం, హుక్స్, కాజాలు, లంగాలు ఇవ్వండి. కటింగ్ మాత్రం చేయి తిరిగిన ఒక్కరే చేయాలి. మా దగ్గర ఏడాది దాకా కత్తెర నేనే పట్టాను.

చీర కుచ్చులకు మంచి గిరాకీ ఉందని మొదటి వారమే పట్టుదారం తెచ్చాను. కలుపు తీసీ తీసీ వాళ్ల వేళ్లు పగిలి ఉన్నాయి. దారం ఆ పగుళ్లలో చిక్కుకుని పోగులు పోగులుగా లేచిపోయింది. ఒకామె చేతులు కొంగు కింద దాచుకుంది, ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. ఆ రోజు దారం పక్కన పెట్టి అందరికీ లంగాల పని ఇచ్చాం. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకోమని, పొద్దున సున్నిపిండితో బాగా రుద్ది కడుక్కోమని చెప్పాం. నూనె మిగిలితే చీరకు మరక పడుతుంది. నెల దాటాక అదే ఆమె కుచ్చులు కట్టింది, ముడులన్నీ ఒకే వరుసలో వచ్చాయి.

మేం చేసిన పెద్ద తప్పు కూడా చెప్పాలి. ఒక పెళ్లి ఇంటివాళ్లవి 12 లైనింగ్ జాకెట్లు ఒప్పుకున్నాం. తొందరలో లైనింగ్ బట్ట తడపకుండానే కత్తిరించాను. ఒక్క ఉతుకుకే లోపలి బట్ట ముడుచుకుపోయి జాకెట్లన్నీ తిరిగొచ్చాయి. లోపల మార్జిన్ వదిలి ఉంటే కుట్టు విప్పి సరిచేసేదాన్ని, అదీ వదల్లేదు. బట్టకు డబ్బు కట్టి మళ్లీ కుట్టిచ్చాం. అప్పటి నుంచి లైనింగ్ అయినా, కాటన్ ఫాల్ అయినా తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెడతాం. గద్వాల, నారాయణపేట కాటన్ చీరలకు తడపని ఫాల్ వేస్తే అంచు ముడతలు పడుతుంది. అంత ఖరీదు పెట్టి కొన్నవాళ్లు మళ్లీ మన గడప తొక్కరు.

ఆర్డర్లకు ఒక్క షాపునే నమ్ముకోవద్దు. ఒకాయన 40 లంగాలు తీసుకుని డబ్బు ఎగ్గొట్టాడు, ఆ నెల నా గాజులు కుదువ పెట్టి కూలి ఇచ్చాను. శనివారం శనివారం లెక్క చూసి చేతికి ఇవ్వండి, ఆలస్యమైతే నమ్మకం పోతుంది. స్కూల్ యూనిఫాంల కోసం మండల మహిళా సమాఖ్యను ముందే కలవండి. 2024లో తెలంగాణ ప్రభుత్వం జతకు కుట్టుకూలి 50 నుంచి 75 రూపాయలకు పెంచింది. అది బడులు తెరిచే ముందు వచ్చే పని, ఏడాదంతా ఉండదు.

చేతివృత్తుల వాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీ పని కూడా ఉంది, కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు కనుక్కోండి. ట్రైనింగ్‌లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 వోచర్, ఆ తర్వాత 5 శాతం వడ్డీకి లోన్ ఇస్తారు. ఇంటికి ఒక్కరికే. అయితే దరఖాస్తును ముందు గ్రామపంచాయతీ చూసి పంపాలి. ఆధార్‌లో మునిగిపోయిన ఊరి అడ్రసే ఉంటే అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ముందు అడ్రస్ మార్పించండి. ఇద్దరు ముగ్గురు బాగా పట్టుదల ఉన్నవాళ్లుంటే పోచంపల్లి దగ్గర జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థలో ట్రైనింగ్ గురించి అడిగి చూడండి.

కాలనీలో తండా నుంచి వచ్చినవాళ్లు ఉన్నారా? ఉంటే వాళ్లకు మిషన్ నేర్పేముందు ఇంట్లో పెట్టెలు ఒకసారి తెరిపించండి. మా దగ్గర ఒక ముసలమ్మ "నాకేం రాదు బిడ్డా" అని మూలకు కూర్చునేది. అద్దాలు, గవ్వలు పెట్టి తన పెళ్లికి తనే కుట్టుకున్న కాంచళి, అంటే లంబాడీ రవిక, ఒకరోజు తెచ్చి చూపించింది, మేం నోరు తెరిచాం. అలాంటి పాత బట్టలను చవకగా కొనుక్కుపోయి, ముక్కలు కోసి బ్యాగులకు వేసేవాళ్లు వస్తారు, అమ్మనివ్వొద్దు. పాతది ఇంట్లోనే ఉంచి, ఆ కుట్టునే కొత్త బట్ట మీద వేయించండి. ఆమె ఇప్పుడు మా దగ్గర జాకెట్టు చేతులకు అద్దాలు కుడుతోంది, పక్కన ఇద్దరు ఆడపిల్లలు కూర్చుని నేర్చుకుంటున్నారు.

కొలతల పుస్తకం, వారం లెక్కలు మేం ఎలా రాస్తామో కావాలంటే అడగండి, రాసి పెడతాను.