మీల్‌మేకర్ తింటే మగాళ్లకి హార్మోన్లు తేడా వస్తాయా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 29 ఏళ్లు, కూకట్‌పల్లిలో ఉంటా. నాన్‌వెజ్ తినను, జిమ్ చేస్తున్నా కాబట్టి ప్రొటీన్ కోసం రోజూ 50 గ్రాముల మీల్‌మేకర్ తింటున్నా. సోయా తింటే ఆడ హార్మోన్ పెరిగి ఛాతీ వస్తుందని జిమ్‌లో భయపెడుతున్నారు. రెండు నెలల్లో పెళ్లి. మానేయాలా?

జవాబు: మానేయక్కర్లేదండి, నిశ్చింతగా తినండి. ఈ భయం ఎక్కడ మొదలైందంటే, సోయాలో ఐసోఫ్లేవోన్స్ అని ఉంటాయి, అవి చూడ్డానికి ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ లాగానే ఉంటాయి కానీ వాటి బలం చాలా తక్కువ, పైగా మన ఒంట్లో ఈస్ట్రోజన్ చేసే పనులన్నీ ఇవి చెయ్యలేవు. మగవాళ్ల మీద చేసిన 41 స్టడీలని కలిపి 2021లో చూశారు, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గలేదు, ఈస్ట్రోజన్ పెరగలేదు.

మరి ఛాతీ వచ్చిన వాళ్లు అసలు లేరా అంటే, ఉన్నారు. అమెరికాలో 60 ఏళ్లాయనకి వచ్చింది, 2008లో రిపోర్ట్ చేశారు, కానీ ఆయన రోజుకి దాదాపు మూడు లీటర్ల సోయా మిల్క్ తాగేవాడు, ఆపేశాక తగ్గిపోయింది కూడా. మీరు తినే 50 గ్రాములకీ దానికీ పోలికే లేదు. అందులో మీకు 25 గ్రాముల దాకా ప్రొటీన్ వస్తోంది, శాకాహారికి అది చిన్న విషయం కాదు, ఎవరో ఏదో అన్నారని వదిలేస్తే నాకు బాధగా ఉంటుంది. పప్పు, పెరుగు, పనీర్ కూడా మారుస్తూ తినండి, అంతే.

నాకు అసలు భయం వేరే ఉంది. జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్లు, ఊరూ పేరూ లేని పౌడర్లు ఇస్తే దయచేసి ముట్టుకోకండి, కుర్రాళ్లలో టెస్టోస్టిరాన్‌ని పడగొట్టేవి, ఛాతీ తెప్పించేవి ఆ స్టెరాయిడ్లే. పొట్ట పెరిగినా అంతే, కొవ్వులో టెస్టోస్టిరాన్ ఈస్ట్రోజన్‌గా మారిపోతుంది. నైట్ షిఫ్ట్‌లు చేస్తూ నిద్ర చెడగొట్టుకునేవాళ్లకీ తగ్గుతుంది.

అయినా మనసులో అనుమానం ఉంటే టెస్టోస్టిరాన్ రక్త పరీక్ష చేయించుకోండి, కాకపోతే రక్తం పొద్దున్నే పదిలోపు పరగడుపున ఇవ్వాలి, సాయంత్రం ఇస్తే తక్కువ చూపించి ఊరికే కంగారు పెడుతుంది. ఒకసారి తక్కువొచ్చినా ఇంకో రోజు మళ్లీ చూడాల్సిందే. చనుమొన వెనక గట్టిగా గడ్డలా తగిలినా, నొప్పి ఉన్నా మాత్రం ఆలస్యం చేయకుండా ఎండోక్రినాలజిస్ట్‌ని (హార్మోన్ల డాక్టర్‌ని) కలవండి.

మీరు రాయలేదు గానీ, థైరాయిడ్ టాబ్లెట్ వేసుకుంటుంటే దానికీ సోయాకీ నాలుగు గంటల గ్యాప్ ఇవ్వండి, లేదంటే మందు సరిగ్గా ఒంటికి పట్టదు.