పొరలు సరి అయితే ఒకటి, బేసి అయితే మరొకటి ఎందుకు?

హనుమకొండ నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థి అడిగిన ప్రశ్న: మాంగనీస్ బిస్మత్ టెల్యూరైడ్ అనే పొరలు పొరలుగా ఉండే అయస్కాంత స్ఫటికంలో ఒక్క పొర పెరిగితేనే విద్యుత్ స్వభావం ఎందుకు మారుతుంది?

వరంగల్ కొత్తవాడ జంపఖానాలను పేర్చేటప్పుడు దొంతర ఒరిగిపోకుండా ఒకదాని మడత ఇటు, తర్వాతిదాని మడత అటు పెడతామనుకోండి. ఐదింటి దొంతరలో అన్నిటికంటే పైదాని మడత, అడుగుదాని మడత ఒకే వైపు ఉంటాయి. ఆరైతే ఎదురెదురుగా ఉంటాయి. ఈ స్ఫటికంలో ఒక్కో పొర ఏడు పరమాణు తలాల కట్ట, మందం సుమారు 1.4 నానోమీటర్లు. సుమారు 25 కెల్విన్ (దాదాపు మైనస్ 248 డిగ్రీల సెల్సియస్) దిగువన, ఒక పొరలోని మాంగనీస్ అయస్కాంత దిశలన్నీ పైకి ఉంటే, పక్క పొరలో అన్నీ కిందికి ఉంటాయి.

బేసి పొరల్లో జత లేని పొర వల్ల మిగిలిపోయిన అయస్కాంతత్వమే కారణమని చాలామంది అనుకుంటారు గాని, నా దృష్టిలో అసలు కీలకం పై, అడుగు ఉపరితలాల దిశలే. టోపాలజీ వల్ల, అంటే చిన్న చిన్న మార్పులకు చెదరని ఎలక్ట్రాన్ స్థితుల అమరిక వల్ల, ఒక్కో ఉపరితలం హాల్ వాహకతకు (విద్యుత్తు పారే దిశకు అడ్డంగా కొలిచే వాహకతకు) సగం క్వాంటం, అంటే దాని ప్రమాణ మోతాదులో సగం, చొప్పున అందిస్తుంది. బేసి పొరల్లో పై, అడుగు దిశలు ఒకటే కాబట్టి ఆ రెండు సగాలూ కలిసి ఒకటవుతాయి. అప్పుడు అంచు వెంట ఒకే దిశలో, వెనక్కి చెదరకుండా, విద్యుత్తు ప్రవహిస్తుంది, హాల్ నిరోధం సుమారు 25,813 ఓమ్‌ల దగ్గర స్థిరపడుతుంది. సరి పొరల్లో దిశలు ఎదురెదురు కాబట్టి అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మొత్తం హాల్ వాహకత సున్నా అయ్యే ఆ స్థితినే ఆక్సియాన్ ఇన్సులేటర్ స్థితి అంటారు.

బాహ్య అయస్కాంత క్షేత్రం లేకుండానే ఐదు పొరల నమూనాలో 1.4 కెల్విన్ వద్ద ఈ క్వాంటీకరణను, అంటే హాల్ నిరోధం ఆ స్థిర విలువకు చేరువ కావడాన్ని, చూపిన ఫలితం 2020లో వెలువడింది. అయితే మాంగనీస్, బిస్మత్ పరమాణువులు అక్కడక్కడ చోట్లు మార్చుకోవడం వల్ల ప్రతి బేసి నమూనాలోనూ అది అంత శుభ్రంగా కనిపించదు.