వెల్లకిలా పడుకున్న సాలీడు చచ్చినట్టేనా?

ప్రశ్న: చెలకను చదును చేయిస్తుండగా జేసీబీ తవ్విన మట్టిలో అరచేయంత, ఒళ్లంతా నూగు ఉన్న సాలీడు బయటపడింది. మా అబ్బాయి దాన్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాడు. అది తిండి ముట్టక ఒక ఉదయం వెల్లకిలా పడి ఉంటే, చచ్చిందని పారేయబోయి, కాళ్లు కదలడం చూసి ఆగాము. మర్నాటికి డబ్బాలో రెండు సాలీళ్లు కనిపించాయి. ఇదేమిటి? విషపురుగా? పెంచవచ్చా?
– ఒక పాఠకురాలు, అచ్చంపేట

జవాబు: రెండోది సాలీడు కాదు, మొదటిది విడిచిన కుబుసం. మీరు రాసిన వివరాలను బట్టి అది నేలలో బొరియ చేసుకుని బతికే టారంటులా. సాలీడు ఒంటి మీది గట్టి పొర సాగదు కనుక, పెరగాలంటే దాన్ని విడవక తప్పదు. అందుకు ముందు టారంటులా తిండి మానేసి, వెల్లకిలా పడుకుని, గంటల తరబడి శ్రమించి ఒక్కొక్క కాలినీ పాత పొరలోంచి బయటకు లాక్కుంటుంది. చావుకు దగ్గరైనది సాధారణంగా బోర్లా ఉండి, కాళ్లన్నీ కడుపు కిందికి ముడుచుకుంటుంది. ఈ తేడా తెలియక బతికున్నదాన్ని పారేసే ప్రమాదం ఉంది కాబట్టి, మీరు ఆగి చూడడం ఎంతో మంచిదైంది.

ఇప్పుడు దాని కోరలు కూడా మెత్తగా ఉంటాయి. కనీసం పది రోజులు మేత వేయకండి. డబ్బాలో మిడతో, ఇలకోడో మిగిలితే అదే దీన్ని కొరికి చంపగలదు. లోతులేని మూతలో నీళ్లు పెడితే చాలు.

దీనికి విషం ఉంది. అమెరికా ఖండాల టారంటులాలలో చాలావాటికి శత్రువు మీదికి విసిరే దురద నూగు ఉంటుంది. మన దేశపు వాటికి అది లేనందున, బెదిరితే ముందరి కాళ్లెత్తి కరుస్తాయి. కాటుతో సాధారణంగా ప్రాణాపాయం ఉండదు గానీ నొప్పి, వాపు తీవ్రంగా ఉండవచ్చు. అబ్బాయిని చేత్తో పట్టుకోనివ్వకండి. అది చేతిలోంచి జారినా కడుపు పగిలి చనిపోవచ్చు.

పెంచే ఆలోచన మానుకోమనే నా సలహా. బొరియే దీని బతుకు: లోపల పట్టు పూసుకుని, పగలంతా అందులో దాగి, రాత్రి వాకిట కూర్చుని, నేల అదురును బట్టి దగ్గరకొచ్చిన పురుగును పడుతుంది. ఆడవి పదేళ్లకు పైగా బతకగలవు. పెద్దవైన మగవి జత కోసం బొరియ విడిచి తిరుగుతాయి, ఎక్కువ కాలం బతకవు.

కోరలు నల్లగా గట్టిపడ్డాక, దొరికిన చోటికి దగ్గరలోనే, దున్నని గట్టు మీద, వాన నీరు నిలవని చోట గడ్డపారతో ఏటవాలుగా మూరెడు గుంత చేయండి. సాయంత్రం డబ్బాను దాని ముందు అడ్డంగా పెట్టి మూత తీసి దూరంగా జరిగితే, అదే లోపలికి వెళ్తుంది. కుబుసాన్ని మాత్రం అబ్బాయి దాచుకోవచ్చు: కోరలు, ఎనిమిది కళ్ల మీది పొరలు, నేర్పున్నవారు చూస్తే ఆడదా మగదా చెప్పే ఆనవాళ్లు కూడా అందులో ఉంటాయి.