ముందు నాన్నగారితో మాట్లాడు, మెకానిక్ సంగతి తర్వాత

గుంటూరు నుంచి ఇరవై ఏళ్ళ కుర్రాడు రాశాడు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్నగారి రాజ్‌దూత్ 350 ఉంది, అందరూ ఆర్‌డీ అంటారే ఆ రెండు సిలిండర్ల బండి, 1987 మోడల్, ఆయన 1993లో సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నారు. 2004లో అమ్మగారి తమ్ముడు చిలకలూరిపేట దగ్గర హైవే మీద యాక్సిడెంట్‌లో పోయాడు, తలకి హెల్మెట్ లేదు, అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. అదే ఏడు నాన్నగారు బండి మీద గోనెపట్టాలు కప్పేశారు, మళ్ళీ తీయలేదు. ఇప్పుడు మన కుర్రాడు పల్సర్ 150 మీద కాలేజీకి వెళ్తున్నాడు, లైసెన్స్ వచ్చి ఏడాదిన్నర అయింది, ఆర్‌డీ ఎప్పుడిస్తారంటే నాన్న "చూద్దాంలే" అంటారు, అమ్మ "ఆ బండెక్కితే నా మీద ఒట్టే" అంటుంది, హైదరాబాద్‌లో ఉన్న అక్క మాత్రం తమ్ముడి వైపు. వచ్చే నెల అమ్మానాన్న పెళ్ళికి ఊరెళ్ళినప్పుడు బండిని ట్రాలీ ఆటోలో విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్ళి రెడీ చేయించాలని ప్లాన్, డబ్బుకి అమ్మమ్మ పెట్టిన గొలుసు తాకట్టు. ఆ తర్వాత శ్రీశైలం. తప్పా అని అడిగాడు.

బాబూ, ఆ ట్రాలీ ఆటో వద్దు, గొలుసు తాకట్టూ వద్దు. బండి మీద నీకున్న ఇష్టాన్ని నేను కాదనట్లేదు, యమహా ఆర్ఎక్స్ 100 మీద కాలేజీకి తిరిగిన తరం నాది, రోడ్డు మీద ఆర్‌డీ వెళ్తే ఆ రెండు సైలెన్సర్ల సౌండ్‌కి చేసే పని ఆపేసి బయటికొచ్చి చూసేవాళ్ళం. నువ్వెందుకు అడుగుతున్నావో నాకు బాగా తెలుసు. కానీ నువ్వు రాసిందాంట్లో నువ్వు అంతగా పట్టించుకోకుండా దాటేసిన వాక్యం ఒకటుంది, నేను దాని దగ్గరే ఆగిపోయా. "మామయ్య ఏ బండి మీద పోయాడో నాకెవరూ చెప్పలేదు" అన్నావు. ఇంకో చోట, ట్యాంక్ ఎడమవైపు పెద్ద సొట్ట ఉంది, హెడ్‌లైట్ ఒరిజినల్ కాదు, నాన్న ఎందుకు బాగుచేయించలేదో అని రాశావు. ఈ రెండూ నువ్వే రాశావు, రెంటినీ కలిపి మాత్రం చూడలేదు.

నేను ఊహిస్తున్నదే నిజమని అనట్లేదు. ఆ సొట్ట ఇంకెప్పుడైనా పడి ఉండొచ్చు, మామయ్యది వేరే బండి అయ్యుండొచ్చు. కానీ ఒకవేళ ఆ రోజు నాన్నగారే బావమరిదికి తాళం ఇచ్చి ఉంటే, ఇన్నేళ్ళుగా ఆయన బండి అమ్మకుండా, బాగు చేయించకుండా, నీకు ఇస్తాననకుండా ఇవ్వననకుండా "చూద్దాంలే" అంటూ ఎందుకు నెట్టుకొస్తున్నారో అర్థమవుతుంది కదా. అలాంటి ఇంట్లో వాళ్ళిద్దరూ ఊళ్ళో లేనప్పుడు నువ్వు ఆ బండిని మెరిపించి గేటు ముందు పెట్టి సర్‌ప్రైజ్ అంటే, అమ్మ బండిని చూసేలోపే ఆ రోజుని చూస్తుంది. నాన్నగారికైతే ఇది రెండోసారి.

కాబట్టి మొదటి పని అడగడం. అమ్మని కాదు, నాన్నని, అదీ ఒంటరిగా ఉన్నప్పుడు. అక్కని రాయబారానికి పంపకు, ఇలాంటివి ఫోన్లో తేలవు. ఆయన సాయంత్రం వాకింగ్‌కి వెళ్తారని రాశావు కదా, తోడు వెళ్ళు, ఒక మనిషి ఎదురుగా కూర్చుని చెప్పలేనివి పక్కన నడుస్తూ చెప్పగలడు, మా దగ్గరికొచ్చే తండ్రుల్లో చాలామందిని అలాగే చూశాను. బండి ఇస్తావా అని మొదలెట్టకు. "నాన్నా, మామయ్య గురించి నాకేం తెలీదు, ఆ రోజు ఏం జరిగింది" అను, అంతే. ఆయన చెప్తే విను, మధ్యలో బండి మాట ఎత్తకు. చెప్పకపోతే బలవంతం చెయ్యకు, ఇంకో వారం మళ్ళీ నడువు.

మామయ్య పోయింది ఆ బండి మీదే అని తేలితే, దాన్ని నడపాలా వద్దా అనేది ఇంక నీ సరదా విషయం కాదు, మీ అమ్మానాన్నలు ఇద్దరూ తేల్చుకోవాల్సిన విషయం. వాళ్ళు అమ్మేద్దాం అంటే నీకు గుండె తరుక్కుపోతుంది, తెలుసు, అయినా ఒప్పుకోవాలి. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆమె, ఆ బండిని రోజూ కళ్ళెదురుగా పెట్టుకుని ఇన్నేళ్ళు కాపురం చేసింది.

ఇక అమ్మ భయం సంగతి. నువ్వు ఆమెతో వాదిస్తున్నావు, స్పీడ్ వెళ్ళను, జాగ్రత్తగా ఉంటా, నా ఫ్రెండ్స్ అందరూ నడుపుతున్నారు అని. అదే ఉత్తరంలో, ఊళ్ళో హెల్మెట్ పెట్టుకోను, ఉక్కపోత, అద్దానికి తగిలిస్తా అని కూడా రాశావు. కొంచెం ఆలోచించు. ఆమె తమ్ముడు తలకి హెల్మెట్ లేకుండా పోయాడు, ఆమె కొడుకు రోజూ పొద్దున ఆమె కళ్ళ ముందే హెల్మెట్ అద్దానికి వేలాడదీసుకుని గేటు దాటుతున్నాడు. నువ్వు నోటితో చెప్పే జాగ్రత్తని ఆవిడ ఎలా నమ్ముతుంది చెప్పు? రేపట్నుంచి ఐఎస్ఐ మార్కున్న ఫుల్ ఫేస్ హెల్మెట్, గేటు తీయకముందే తలకి పెట్టుకుని, గడ్డం కింద క్లిప్పు టక్‌మని పడ్డాకే బండి స్టార్ట్ చెయ్. చూడమ్మా పెట్టుకున్నా అని చూపించక్కర్లేదు, పాలపాకెట్ కోసం సందు చివరికి వెళ్ళినా అంతే. ఆమెకి తెలుస్తుంది, కొన్ని నెలలు పడుతుంది, ఆ కొన్ని నెలలూ ఆర్‌డీ పేరు ఇంట్లో ఎత్తకు. ఒట్టు తీసెయ్యమని కూడా అడగొద్దు, ఆ మాట నాన్నగారు ఎత్తాల్సిందే తప్ప నువ్వు కాదు.

ఇప్పుడు, అంతా సానుకూలపడి నాన్నగారు సరే అన్నారనుకో. అప్పుడు కూడా నువ్వు ఆ బండికి ఇంకా రెడీగా లేవు, ఇది నిన్ను తక్కువ చేసి అనట్లేదు, లెక్క చూడు. నీ పల్సర్ పవర్ దాదాపు 14 బీహెచ్‌పీ. ఆర్‌డీలో మొదట వచ్చిన హైటార్క్ మోడల్ 30.5, తర్వాత వచ్చిన లోటార్క్ 27, అంటే తక్కువలో తక్కువ నీ బండికి దగ్గర దగ్గర రెట్టింపు, బరువు చూస్తే ఇంచుమించు నీ పల్సరంతే. ఆ రోజుల్లో బుల్లెట్ 350కే 18 ఉండేది. పైగా ఆ పవర్ నీ పల్సర్‌లోలా మెల్లగా ఒకే తీరుగా రాదు, టూ స్ట్రోక్ ఇంజిన్ కదా, కింద మామూలుగా పోతూ పోతూ ఆర్‌పీఎం ఒక స్థాయి దాటగానే ఒక్కసారిగా లాగుతుంది, ఆ లాగుడు మూల తిరిగేటప్పుడు వస్తే చెయ్యి తడబడుతుంది. బ్రేకులు చూస్తేనేమో, యమహా 1973లో జపాన్‌లో తెచ్చిన ఒరిజినల్‌కి ముందు డిస్క్ ఉండేది, రాజ్‌దూత్ తయారుచేసిన ఎస్కార్ట్స్ వాళ్ళు 1983లో ఇక్కడ మొదలుపెట్టినప్పుడు ఖర్చు తగ్గించడానికి దానికంటే పట్టు తక్కువుండే డ్రమ్ పెట్టారు. నీ పల్సర్‌కి ముందు డిస్క్, గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్. ఏడాదిన్నరగా నీ వేళ్ళు ఆ బ్రేక్‌కి అలవాటుపడి ఉన్నాయి, ఎంత నొక్కితే ఎంత దూరంలో ఆగుతుందో నీ ఒంటికి పట్టిన లెక్క అది, ఆర్‌డీ మీద ఆ లెక్క తప్పుతుంది, తప్పిందని లారీ వెనక దాకా వెళ్ళాక గానీ తెలీదు.

మన దేశంలో ఇదో పెద్ద లోటని నా అభిప్రాయం, పద్దెనిమిదేళ్ళు నిండి గేర్ బండి లైసెన్స్ ఉంటే ఏ బండైనా నడపొచ్చు. ఇంగ్లండ్‌లో అలా కాదు, 17కి 125 సీసీ, 19కి 35 కిలోవాట్ల లోపు బండి, ఆ మధ్య మెట్టు లైసెన్స్‌తో రెండేళ్ళయ్యాక 21కి గానీ, నేరుగా అయితే 24కి గానీ పెద్ద బండి ఇవ్వరు, ప్రతి మెట్టుకీ మళ్ళీ టెస్టు. ఇక్కడ ఆ మెట్లు ప్రభుత్వం కట్టలేదు కాబట్టి నువ్వూ నాన్నగారూ కలిసి కట్టుకోవాలి.

మీకు ఒక మెట్టు రెడీగా ఉంది కూడా. తెనాలిలో పెదనాన్నగారి దగ్గర ఆర్ఎక్స్ 100 ఉందని, ఇప్పటికీ రన్నింగ్‌లో ఉందని రాశావు. అంతకంటే మంచి గురువు నీకు దొరకదు. 98 సీసీ, 11 బీహెచ్‌పీ, అది కూడా టూ స్ట్రోకే, దానికీ ముందు డ్రమ్మే. ఎక్సలేటర్ వదిలేస్తే ఇంజినే బండిని ఆపుతుందన్న నీ పల్సర్ అలవాటు దాని మీద పోతుంది, ఎందుకంటే టూ స్ట్రోక్‌లో ఇంజిన్ బ్రేకింగ్ చాలా తక్కువ. ఆదివారాలు తెనాలి వెళ్ళి పెదనాన్న దగ్గర దాని మీద నేర్చుకో, ట్రాఫిక్ లేని రోడ్డు మీద అరవైలోంచి ఆపడం, తడి రోడ్డు మీద ఆపడం, వెనక మనిషిని ఎక్కించుకుని ఆపడం. వేగం ఎంతదాకా వెళ్తుందో చూడక్కర్లేదు, ఆగడం చూసుకో. ప్లగ్ విప్పి రంగు చూడటం కూడా ఆయన్నే అడుగు, కాఫీ రంగులో ఉంటే బాగున్నట్టు, తెల్లగా కాలి ఉంటే పెట్రోల్ చాలట్లేదు, ఇంజిన్ వేడెక్కిపోతోందని అర్థం. ఆర్‌డీలో ఆ ప్లగ్గులు రెండు, కార్బొరేటర్లు రెండు, రెండూ సమానంగా పలక్కపోతే బండి ఒక కాలు మీద కుంటినట్టు పోతుంది.

ఇంకో విషయం, ఎవరూ లేనప్పుడు మధ్యాహ్నాలు షెడ్డులోకి వెళ్ళి కిక్ కొట్టి చూస్తున్నా అన్నావు. ఈరోజుతో ఆపెయ్. ఇరవై ఏళ్ళు కదలని ఇంజిన్‌లో బోర్ గోడలకి, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడలకి, తుప్పు ఉంటుంది, నువ్వు కిక్ కొట్టినప్పుడల్లా పిస్టన్ రింగులు ఆ తుప్పుని గీకుతాయి. పొరపాటున స్టార్ట్ అయితే ఇంకా ప్రమాదం, ఆయిల్ పంపు పైపుల్లో గాలి చేరి ఉంటే ఆయిల్ అందదు, ఇంజిన్ లోపలికి బయటి గాలి చొరబడకుండా ఆపే క్రాంక్ సీల్స్ ఎండిపోయి ఉంటే అక్కణ్ణించి గాలి పీల్చి ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. అది షెడ్డులో పట్టేస్తే డబ్బులు పోతాయి, రోడ్డు మీద పట్టేస్తే వెనక చక్రం లాక్ అయిపోతుంది, ఆ క్షణంలో క్లచ్ నొక్కాలని తెలిసినవాడే బతికి బయటపడతాడు. అందుకే టూ స్ట్రోక్ బాగా నడిపేవాళ్ళు రెండు వేళ్ళు ఎప్పుడూ క్లచ్ మీదే ఉంచుతారు, నాన్నగారిని అడిగి చూడు, ఆయన చేతికి అది ఇంకా గుర్తుంటుంది.

బండి విప్పే రోజంటూ వస్తే నాన్నగారు పక్కన లేకుండా విప్పొద్దు. ముందు చాసిస్, ఫోర్కులు వంకర ఉన్నాయేమో చూపించాలి, ఆ సొట్ట కథ ఏదైనా సరే, ఎందుకంటే వంగిన ఫోర్కుల మీద ఎంత ఖర్చుపెట్టినా దండగే. టైర్లూ ట్యూబులూ చూడనక్కర్లేదు, మార్చెయ్యడమే. పాత పెట్రోల్ వంచేసి ట్యాంక్ లోపల క్లీన్ చేయించాలి, పైపులూ ట్యాప్ రబ్బర్లూ కొత్తవి వేయించాలి, ఇప్పుడు బంకుల్లో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, పాత రబ్బరుకి అది పడదు, గాలీ పెట్రోలూ కలిసే మిక్చర్ కూడా పలచబడుతుంది కాబట్టి జెట్టింగ్, అంటే కార్బొరేటర్ ఎంత పెట్రోల్ వదలాలన్న కొలత, సరిచూడమని మెకానిక్‌కి చెప్పాలి. డబ్బు నెలనెలా కొంచెం కొంచెం పెట్టుకుంటూ వెళ్ళండి, ఏడాది పట్టినా నష్టం లేదు.

ఆర్సీ కూడా ఆలోచించావో లేదో. పదిహేనేళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రెన్యువల్ చేయించాలి, ఇన్నేళ్ళు కదలని బండికి అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది, ఇన్సూరెన్స్ సంగతి సరేసరి. ఆ కాగితాలు లేకుండా రోడ్డెక్కి ఎవరికైనా తగిలిస్తే ఆ పరిహారం నాన్నగారి మీద పడుతుంది. వింటేజ్ కింద రిజిస్టర్ చేయిద్దామంటే దానికి యాభై ఏళ్ళు నిండాలి, మీది ఇంకా కాలేదు. రెన్యువల్‌కి ఆర్టీఏ ఆఫీసులో ఓనర్ సంతకం కావాలి, 1993లో పేరు మార్పించారో లేదో కూడా చూడాలి, అంటే ఎటు తిప్పినా ఆయన లేకుండా ఇది అయ్యే పనే కాదు.

ఆ బండి వద్దనే తేలితే, రెండు సిలిండర్ల బండి మీద కోరిక చంపుకోమని నేను చెప్పను. 2018లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 ఉంది, పాత కాలపు రూపం, 47 బీహెచ్‌పీ, రెండు చక్రాలకీ డిస్కులూ ఏబీఎస్‌లూ, కాకపోతే రెండొందల కిలోల పైన బరువు, కాబట్టి దానికీ మధ్యలో ఒక 350 మెట్టు ఉంటే మంచిది. ఉద్యోగం వచ్చాక సొంత జీతంతో కొనుక్కో, అప్పటికి హెల్మెట్ విషయంలో అమ్మకి నీ మీద నమ్మకం కుదిరి ఉంటే ఈసారి ఒట్టు దాకా రాదు.

శ్రీశైలం మాత్రం ఆర్‌డీ మీద మొదటి ప్రయాణం కాకూడదు. దోర్నాల దాటాక ఘాట్ దిగేటప్పుడు ఎక్సలేటర్ మూసేసి జారనిస్తే ఆయిల్ పంపు కూడా తక్కువే పోస్తుంది, ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, ఇంకోపక్క డ్రమ్ములు వేడెక్కి పట్టు తగ్గుతుంది. కొత్తవాడికి ఈ రెండూ ఒకేసారి వద్దు. మొదట్లో పొద్దున్నే అమరావతి దాకా వెళ్ళి రండి, నాన్నగారు ఆర్‌డీ మీద, నువ్వు వెనకాల పల్సర్ మీద, ఆయన ఎక్కడ గేర్ దింపుతున్నారో ఎంత ముందు నుంచి బ్రేక్ మొదలుపెడుతున్నారో చూస్తూ వెళ్ళు. తిరిగొచ్చేటప్పుడు బండ్లు మార్చుకోవాలా వద్దా అనేది ఆయన ఇష్టానికే వదిలెయ్.